నాన్న కట్టిన ఈగలు

ఆ పెట్టె నాకు వద్దని ఫోనులో రెండుసార్లు చెప్పాను. అయినా తమ్ముడు శామ్యూల్ విండ్సర్ నుంచి మిల్టన్ దాకా మూడున్నర గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, దాన్ని నా వంటింటి బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చుని టీ తాగాడు. అరచేతికన్నా కాస్త పెద్ద అల్యూమినియం పెట్టె. అందులో చేపలకి ఎరగా, ఈకలతో దారంతో గాలాలకి నాన్న తన చేత్తో కట్టిన నకిలీ ఈగలుంటాయి. నాన్న పోయి నాలుగు నెలలైంది. ఇల్లు ఖాళీ చేస్తుంటే బేస్‌మెంట్‌లో దొరికిందట. వచ్చే శనివారం విండ్సర్‌లో సంఘంవాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పెద్ద కూతురిని కాబట్టి నేను ఐదు నిమిషాలు మాట్లాడాలని, ఆ పెట్టె చూపిస్తూ మాట్లాడితే అందరికీ నచ్చుతుందని వాడి ఆలోచన.

"పాత విషయాలు ఎత్తొద్దక్కా, ప్లీజ్. మంచిగా మాట్లాడు" అన్నాడు.

"మంచిగా అంటే ఎట్లా?"

"అందరూ మాట్లాడినట్టే."

అందరూ మాట్లాడినట్టే. మా ఇంట్లో ఒకప్పుడు అది నేరం. ఆ నేరానికి నాకు శిక్ష వేసినవాడి కూడికలోనే ఇప్పుడు ఆ నేరం మళ్ళీ చెయ్యమంటున్నాడు నా తమ్ముడు. అప్పటికి వాడికి ఆరేళ్ళు, వాడికేం గుర్తు? వాడు వెళ్ళిపోయాక పెట్టె తెరవకుండా, మూడు రోజులు దాని పక్కనే కూరగాయలు తరిగాను.

విండ్సర్‌లో జూన్ నెలంటే నాకు ముందు గుర్తొచ్చేది కంపు. పెద్ద సరస్సులోంచి మేఫ్లైలు లక్షల్లో లేచి ఊరి మీద పడేవి. అక్కడివాళ్ళు ఫిష్‌ఫ్లైలనేవాళ్ళు. పొడుగాటి ఒళ్ళు, నిలబెట్టిన రెక్కలు, వెనక రెండు తోకలు. నోరుండదు, తినవు, ఒకటి రెండు రోజులు బతికి చస్తాయి. తెల్లారి చూస్తే గోడల నిండా, కారు అద్దాల నిండా, మెట్ల మీద కుప్పలు కుప్పలుగా. కాలు వేస్తే పేలాల్లా పగిలేవి. ఎండ ముదిరేసరికి ఎండుచేపల బుట్ట బోర్లించినట్టు వాసన. అమ్మ ముక్కుకి చెంగు కట్టుకుని చీపురుతో తోసేది. ఆ ఏడు బాపట్ల నుంచి వచ్చిన అమ్మమ్మ మాత్రం కిటికీ దగ్గర నిలబడి, "మన ఉసిళ్ళలాంటివేనే, వీటిని వేయించుకోరా ఇక్కడ?" అని అడిగింది. ప్రార్థనకొచ్చిన ఆంటీలు ఇవి ఐగుప్తు తెగుళ్ళని చెప్పుకుంటుంటే, ఐగుప్తు మీదికి వచ్చిన తెగుళ్ళలో ఈ పురుగు లేదని, ఉన్నవి వరసగా చెప్పమని నాన్న అడిగాడు. ఒకామె ఐదో తెగులు దగ్గర ఆగిపోయింది. నాన్న ఆమెను అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళాడు.

నాన్న ఒక కారు విడిభాగాల ప్లాంటులో టూల్‌రూమ్ పనివాడు. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా ముక్క పక్కన పారేసే పని అది. ఇంటికొచ్చి స్నానం చేసి, మోకాళ్ళ మీద కుటుంబ ప్రార్థన అయ్యాక, వంటింటి బల్ల మీద తను ప్లాంటులో సొంతంగా చేసుకున్న చిన్న వైస్, గాలాన్ని కదలకుండా పట్టి ఉంచేది, బిగించేవాడు. దానికి గాలం, గాలానికి కోడి మెడ ఈకలు, అమ్మ కుట్టుపెట్టెలోని బూడిదరంగు దారం. ముడి మీద వార్నిష్ చుక్క. మా ఇంట్లో రాత్రన్నానికి చారు పోపు వాసనా వార్నిష్ వాసనా కలిసే ఉండేవి. తను చేపలు పట్టే చెరువు నుంచి అసలు మేఫ్లైని సీసాలో పట్టుకొచ్చి పక్కన పెట్టుకుని, రెక్క పొడుగు, పొట్ట రంగు, తోకల సంఖ్య చూసి అచ్చు అదే కట్టేవాడు. కట్టడం అయ్యాక అమ్మ కేకులు చేసుకునే గాజు గిన్నెలో నీళ్ళు పోసి, ఈగను నీళ్ళ మీద వదిలి, గిన్నెను తల మీదికి ఎత్తి కింది నుంచి చూసేవాడు. నన్నూ చూడమనేవాడు. "పై నుంచి చూసేది మనం. చేప కింది నుంచి చూస్తుంది" అనేవాడు. ఆయన చేప సూత్రం ఒక్కటే: నీకు నచ్చింది వెయ్యకు, నీళ్ళ మీద ఇవాళ ఏముందో అది వెయ్యి. పారే నీళ్ళలో చేపకి ఆలోచించే టైముండదు, వచ్చింది అందుకుంటుంది. నిలవ నీళ్ళలో ఈగ కదలకుండా కూర్చుంటుంది, చేప దాని కిందికొచ్చి ఆగి తీరిగ్గా చూస్తుంది. నకలు అక్కడే దొరికిపోతుంది. నాన్నకి అందుకే నిలవ నీళ్ళంటే ఇష్టం. పట్టుబడటమంటే, అంటే ఇంకొకరు పట్టుబడటమంటే, ఆయనకి ప్రాణం.

మా తెలుగు సంఘం పదిహేను కుటుంబాలు. ఒక చర్చి బేస్‌మెంటు అద్దెకి తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేవాళ్ళం. పాస్టరు గారు డెట్రాయిట్ నుంచి వంతెన దాటి నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు సంఘపెద్దగా నాన్నదే మాట. బాప్తిస్మం అడిగినవాళ్ళు ముందు ఆదివారం సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. రక్షణ ఎలా వచ్చింది, మారుమనస్సు ఎలా కలిగింది. చెప్పాక నాన్న కాసేపు తల వంచుకుని కూర్చునేవాడు. ఆ నిశ్శబ్దంలో ఫ్రిజ్ చప్పుడు వినపడేది. తర్వాత తలెత్తి రెండు ప్రశ్నలు అడిగేవాడు. ఏ రోజు? ఏ పాపం? అందరినీ అడిగేవాడు, కాని అందరినీ ఆపేవాడు కాదు. ఆయన ఆపింది నన్నొక్కదాన్నే. ఆ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అప్పుడు నాకు పదహారేళ్ళు. అమ్మమ్మ వచ్చిందే నా బాప్తిస్మానికి. ఆమె వయసులో ఉన్నప్పుడు సువార్త చెప్పే బైబిల్ స్త్రీగా పల్లెలు తిరిగిన మనిషి. ఊరూరూ నడిచి ఎంతోమంది ఆడవాళ్ళని బాప్తిస్మపు నీళ్ళ దాకా తీసుకెళ్ళింది. సొంత మనవరాలు మునగడం ఒక్కటి చూడాలని, విజిటర్ వీసా మీద, నొప్పి మోకాళ్ళతో మూడు విమానాలు మారి వచ్చింది. పెట్టెలో నాలుగు గళ్ళ చీరలు, గోంగూర పచ్చడి సీసా, నాకోసం చీరాలలో నేయించిన తెల్ల చీర. జూలై ఆఖరుకి టిక్కెట్టు. మా సంఘంలో బాప్తిస్మాలు ఏడాదికి ఒక్కసారే, జూన్‌లో, నీళ్ళు కాస్త వేడెక్కాక. అంటే ఆమె చూడాలంటే ఆ ఒక్క ఆదివారమే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నాన్నకీ తెలుసు.

నా సాక్ష్యం నేనే తయారుచేశాను. చేశానన్నదే నిజమైన మాట. మూడేళ్ళుగా విన్న సాక్ష్యాలన్నీ ఒకేలా నడిచేవి. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా నామకార్థంగా ఉన్నాను, లోకంలో పడి తిరిగాను, ఫలానా యూత్ క్యాంపులో వాక్యం నన్ను తాకింది, వెక్కి వెక్కి ఏడ్చాను, చీకట్లోంచి వెలుగులోకి వచ్చాను. నేను లోకంలో పడి తిరిగిందేమీ లేదు. బడికీ ఇంటికీ మధ్య బస్సులో తిరిగాను. క్యాంపులో ఏడ్చాను, పక్కపిల్లలు ఏడుస్తున్నారు కాబట్టి. అయినా యేసు ఉన్నాడని నాకు తెలుసు, రాత్రి దుప్పటిలో ఆయనతో మాట్లాడేదాన్ని. అది మాత్రం చెప్పలేదు. అది ఎవరూ చెప్పలేదు కాబట్టి సాక్ష్యంలో పనికిరాదనుకున్నాను. ఉన్న విశ్వాసాన్ని దాచిపెట్టి, లేని పాపాలు అరువు తెచ్చుకున్నాను.

చెప్పడం అయింది. ఆంటీలు కళ్ళు తుడుచుకున్నారు. అమ్మమ్మ ముందు వరసలో చేతులు జోడించి కూర్చుంది. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు, మామూలుకన్నా ఎక్కువసేపు.

"ఏ రోజమ్మా?" అన్నాడు చివరికి.

క్యాంపు రెండో రోజన్నాను. ఏ పాపం అన్నాడు.

"అన్నీ" అన్నాను.

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నాన్న నవ్వలేదు. అందరి వైపూ తిరిగి, ఇంట్లో ఈగను చేతిలో తిప్పుతూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు. "బాగుంది. ఎక్కడా వంక లేదు. కాని ఇది కట్టినది, పుట్టినది కాదు. ఈ ఏడు వద్దు. వచ్చే ఏడు చూద్దాం."

పదిహేను కుటుంబాలు. ఒక్కరూ నోరు తెరవలేదు. నా తలని ఒళ్ళో పెట్టుకుని పేలు చూసిన ఆంటీలున్నారు అక్కడ. మా ఇంట్లో భోంచేసి, మా సోఫాలో నిద్రపోయిన అంకుల్స్ ఉన్నారు. అందరూ కీర్తన ఎన్నో నంబరో వెతుక్కున్నారు. వాళ్ళలో సగంమంది పోయారు. మిగిలినవాళ్ళు నన్ను చూసినప్పుడు ఇప్పటికీ వందనాలమ్మా అని నవ్వుతారు. నేనూ అంటాను వందనాలు. అంతవరకే.

ఆ సాయంత్రం ఇంట్లో మాట్లాడింది అమ్మమ్మ ఒక్కతే. అల్లుడి ఎదుట ఆమె ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. ఆ రోజు కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"అల్లుడుగారూ, నేను పదకొండేళ్ళకి మునిగాను. ఎందుకనుకున్నారు? పక్కింటి మార్తమ్మ మునుగుతుందని. నాకేం తెలుసు రక్షణంటే? ముందు మునిగాను, తర్వాత తెలిసింది. నా బాప్తిస్మం చెల్లదంటారా?"

"అది మీ కాలం, అత్తయ్యగారూ" అన్నాడు నాన్న. "ఇది దేవుడి సంగతి, మన ఇంటి సంగతి కాదు. నా కూతురని వదిలేస్తే రేపు ఎవర్ని ఆపగలను?"

"ఎవర్నీ ఆపకండి. ఆపమని మీకెవరు చెప్పారు?"

నాన్న లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అమ్మ ఆ తెల్ల చీరను మడిచి, అమ్మమ్మ పెట్టెలో కాకుండా, నా బీరువాలో కాకుండా, హాల్లో తువ్వాళ్ళ అరలో పెట్టింది. అమ్మ అభిప్రాయం నాకు తెలిసింది అంతే.

మా బాప్తిస్మాలు జరిగేది ఊరికి తూర్పున ఒక పాత కంకర క్వారీ చెరువులో. నాన్నతో టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరైన ముసలి తెల్లాయనది ఆ స్థలం. ఊటనీళ్ళు, వేసవిలోనూ చల్లగా ఉంటాయి. అందుకని ట్రౌట్ చేపలు వదిలాడు. నాన్నకి ఈగలు కట్టడం నేర్పిందీ ఆయనే. శనివారం పొద్దున్నే నాన్న ఒడ్డున లోతు కొలిచి తాడు కట్టడానికి బయల్దేరాడు. మర్నాడు నీళ్ళలో దిగే నలుగురు పిల్లల కోసం. ఆయన భుజానికి ప్లాంటులో దెబ్బ తగిలినప్పట్నుంచీ పడవ తెడ్లు వేసేది నేనే. ఆ రోజూ రమ్మన్నాడు. ఏమీ జరగనట్టే రమ్మన్నాడు. వెళ్ళాను. మా ఇంట్లో రానని చెప్పే పద్ధతి లేదు.

తాడు కట్టడం అయ్యాక చెరువు మధ్యకి వెళ్ళాం. గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పదకొండు గంటలప్పుడు మేఫ్లైలు లేవడం మొదలైంది. ఊళ్ళో పడే పెద్దవి కావు, ఇవి చిన్నవి, రెక్కల మీద మచ్చలున్నవి. నాన్న పెట్టె తెరిచి వాటికి అచ్చు సరిపోయేది ఎంచుకుని వేశాడు. ఎంత బాగా పడిందో. నీళ్ళు కూడా చెదరలేదు. చేప వచ్చింది, కిందికొచ్చి ఆగింది, వెళ్ళిపోయింది. చుట్టూ చేపలు తింటూనే ఉన్నాయి, ఈయన ఈగ తప్ప అన్నీ. ఇంకొంచెం చిన్నది వేశాడు. ఇంకొంచెం పాలిపోయింది వేశాడు. తోక కత్తిరించి వేశాడు. గంటన్నర పాటు ఎండలో ఆయన మెడ మీద చెమట కారుతుంటే తెడ్లు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

నాకు కారణం తెలుసు. ఆ ముసలాయన మా ఇద్దరికీ కలిపే చెప్పాడు, నాన్నకి నచ్చక వదిలేశాడు. మేఫ్లై పిల్ల నీళ్ళ అడుగు నుంచి పైకొచ్చి, నీటి పొర దగ్గర కుబుసం చీల్చుకుని బయటికొస్తుంది. ఒక్కోసారి సగం బయట, సగం కుబుసంలో ఇరుక్కుని ఉంటుంది. ఎగరలేదు, మునగలేదు. చేపకి అంతకన్నా సులువైన తిండి లేదు. చేప ముక్కు నీళ్ళ పైకి కనిపిస్తే రెక్కలొచ్చినవాటిని తింటోందని, ముక్కు కనిపించకుండా వీపు మాత్రం తేలితే ఆ సగం పుట్టినవాటిని తింటోందని గుర్తు. ఆ రోజు ఒక్క ముక్కు లేదు, అన్నీ వీపులే. ముసలాయన కట్టిచ్చిన సగం ఈగలు రెండు పెట్టె మూతలో గుచ్చి ఉన్నాయి. అవి చూస్తే నాన్నకి అసహ్యం. సగం చచ్చినదాన్ని ఎందుకు కట్టాలి అనేవాడు.

"ఏం తింటున్నాయో అర్థం కావట్లేదు" అన్నాడు నాన్న. ఆయన నోట నేను విన్న మొదటి 'తెలియదు' అది.

నేను చెప్పలేదు. వీపులు చూడు నాన్నా అంటే చాలు. నాలుక చివర ఉంది. చెప్పకుండా ఉండటంలో ఒక తియ్యదనం ఉంది, అది ఇప్పటికీ నా నోట్లో ఉంది. నీళ్ళ మీద ఏముందో అది చూడమని చేపల విషయంలో బోధించిన మనిషి, ఇంట్లో కుబుసం సగం వదిలిన పిల్లను చూడలేకపోయాడు. ఆయనకి రెక్కలొచ్చినదే కావాలి. ఉండనీ, ఒట్టి చేతుల్తో ఇంటికి పోనీ అనుకున్నాను. అలాగే పోయాడు.

ఆదివారం నేను ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఆ అరలోవే. నలుగురు మునిగి లేచారు, మచ్చల రెక్కల ఈగలు వాళ్ళ తడి తెల్లబట్టల మీద వాలాయి. ఎడారి దారిలో రథం ఆపించి, ఇక్కడ నీళ్ళున్నాయి, బాప్తిస్మానికి నాకేం అడ్డని అడిగిన ఇతియోపీయుడి కథ పాస్టరు గారు చెప్పారు. నా అడ్డు మాత్రం నాన్న రూపంలో ఒడ్డున కీర్తనల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. పాట మధ్యలో అమ్మమ్మ కుంటుతూ నీళ్ళ దాకా వెళ్ళి, చెంగు తడుపుకొచ్చి, నా ముఖం నెమ్మదిగా తుడిచింది. ఎండగా ఉందని తుడిచింది. అది బాప్తిస్మం కాదు. మేము ముంచే సంఘంవాళ్ళం, చిలకరించేవాళ్ళం కాదు. అయినా రాస్తున్నాను.

జూలైలో ఆమె వెళ్ళిపోయింది. క్రిస్మస్ అయిన మూడో వారంలో పోయింది. తర్వాతి జూన్‌లో నేను రెండే వాక్యాలు చెప్పాను. యేసు ఉన్నాడని నాకు తెలుసు, రోజూ మాట్లాడతాను. నాన్న తలూపాడు, ప్రశ్నలు అడగలేదు. తెల్ల చీర కట్టుకుని మునిగాను. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో గుర్తుంది, సంతోషం గుర్తులేదు. విశ్వాసం మాత్రం పోలేదు. అది నాన్న ఇచ్చింది కాదు కాబట్టి నాన్న తీసెయ్యలేకపోయాడు. తండ్రులు పిల్లలకి కోపం రేపకూడదని అపొస్తలుడు రాసిన మాట మీద ఆయన బతికినన్నాళ్ళూ ఒక్క ప్రసంగం చెయ్యలేదు.

ఇప్పుడు మిస్సిసాగాలో గోడౌన్ల మధ్య ఉన్న మా సంఘంలో బాప్తిస్మం తరగతి నేనే చెబుతాను. గాలి కొట్టిన ప్లాస్టిక్ తొట్టి, గోరువెచ్చని నీళ్ళు, మూడు నిమిషాల సాక్ష్యం. రెండు కెమెరాలు. మొన్న ఒక కుర్రాడు, కరీంనగర్ నుంచి వచ్చి కాలేజీలో చదువుతూ గోడౌన్లో షిఫ్టులు చేసేవాడు, ఫోను చూసి సాక్ష్యం చదివాడు. అదే క్యాంపు, అదే ఏడుపు, అదే చీకటి. "ఆంటీ, ఓకేనా? ఎడిట్ చెయ్యాల్నా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ చవకబారు తొందర చూస్తే నాన్న గుర్తొస్తాడు, ఆయన ఉంటే ఒక్క ప్రశ్నతో తేల్చేసేవాడని. అలా అనుకున్నందుకు నా మీద నాకే మండుతుంది. బాగుంది నాన్నా, మునుగు అని ఆ కుర్రాడితో అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఎవర్నీ ఆపలేదు. ఆపను.

నాలుగో రోజు పెట్టె తెరిచాను. పై వరసల్లో రెక్కలున్న అందగత్తెలు, నేను ఎరిగినవే. ఆఖరి రెండు వరసల్లో అన్నీ సగం ఈగలు. ముసలాయనవి కావు. ఆ బూడిదరంగు దారం అమ్మది, ఆ ముడి నాన్నది. గాలాలు వాడి వాడి మొద్దుబారాయి, ఈకలు చేపల పళ్ళకి చిరిగాయి. అంటే ఎప్పుడో తెలుసుకున్నాడు. తప్పు దిద్దుకున్నాడు, చేపల దగ్గర. నలభై ఏళ్ళు ఫోనులో వాతావరణం అడిగాడు, నా పిల్లల మార్కులు అడిగాడు, ఈ మాట చెప్పలేదు. గాజు గిన్నెలో నీళ్ళు పోసి ఒకదాన్ని వదిలి, గిన్నె ఎత్తి కింది నుంచి చూశాను. బాగా కట్టాడు. నా కోపం తగ్గలేదు, పెరిగింది.

శనివారం కూడికలో నాకన్నా ముందు ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ దైవజనుడన్నారు, ప్రార్థనాపరుడన్నారు, ఇశ్రాయేలులో ఒక పెద్ద కూలిపోయాడన్నారు. శామ్యూల్ నా వైపు చూసి ఐదు వేళ్ళు చూపించాడు. ఐదు నిమిషాలని. పెట్టె తెరిచి బల్ల మీద పెట్టాను.

"నాన్నగారు ఎవరి సాక్ష్యం విన్నా రెండు ప్రశ్నలు అడిగేవారు. ఏ రోజు, ఏ పాపం. పదహారేళ్ళప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. జూన్ నెల, శనివారం, బాప్తిస్మాలకి ముందు రోజు, పొద్దున పదకొండు గంటలు. చేపలు ఏం తింటున్నాయో నాకు తెలిసి, మా నాన్న ఓడిపోవాలని, చెప్పకుండా కూర్చున్నాను. దేవుణ్ణి క్షమాపణ అడిగాను, దొరికింది. మా అమ్మమ్మ చూడాల్సింది చూడకుండా చేసినందుకు నాన్నగారు నన్ను క్షమాపణ అడగలేదు. అడగకపోయినా ఇవ్వాలని వాక్యం చెబుతుంది. ఇంకా ఇవ్వలేకపోయాను. ఇది కట్టి తెచ్చింది కాదు."

ఎవరూ ఆమేన్ అనలేదు. కీర్తన ఎత్తుకోవాల్సిన శామ్యూల్ నేల చూస్తూ నిలబడ్డాడు. వెనక వంటగదిలో ఫ్రిజ్ చప్పుడు వినపడింది. సాక్ష్యం అయ్యాక నాన్న ఇలాగే తల వంచుకుని కూర్చునేవాడు. నేను కూర్చోకుండా, బల్ల పట్టుకుని, కాసేపు ఎదురుచూశాను. ప్రశ్న రాలేదు.